యంత్రం చూపు: కర్తా, కరణమా?

పోయిన మామిడి కాలంలో, కావేరిపట్టణం దగ్గరి పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థిని తరగతి ముగిశాక ఆగి ఒక ప్రశ్న అడిగింది. ఆమె తల్లి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కాయలు ఏరే బల్ల దగ్గర పని చేస్తుంది. "సార్, మా అమ్మవాళ్లు ఏరే చోట ఇంక కెమేరా పెడతారంట. అది మా అమ్మ మాదిరి చూస్తుందా?" అన్నది ఆ అమ్మాయి ప్రశ్న. నేను ఇంజనీరును కాను, భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి. అయినా ఆ ప్రశ్న నా శాస్త్రానికి కూడా చెందినదే అనిపించింది. చూడటం అంటే ఏమిటి? చూసి బాగుందనీ బాగాలేదనీ తేల్చేది ఎవరు? తేల్చినదానికి జవాబు చెప్పవలసింది ఎవరు? ఆనాడు ఆ అమ్మాయికి సగం జవాబే చెప్పగలిగాను. మిగిలిన సగం ఈ వ్యాసంలో చెప్పటానికి ప్రయత్నిస్తాను.

మన ప్రాంతంలో తనిఖీ

కావేరిపట్టణం కృష్ణగిరికి దక్షిణంగా, ధర్మపురి దారిలో, దక్షిణ పినాకిని తీరాన ఉన్న ఊరు. 2004లో ధర్మపురి నుంచి విడివడి ఏర్పడిన కృష్ణగిరి జిల్లా మామిడికి పేరు పొందింది. ఇక్కడ పండే తోతాపురి, అంటే మనవాళ్లు బెంగుళూరు కాయ అనేది, ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. అక్కడ కాయలను మాగబెట్టి, కడిగి, కదిలే పట్టీ మీద పంపుతారు. పట్టీకి రెండు వైపులా నిలబడిన ఆడవాళ్లు కుళ్ళినవాటిని, పుచ్చినవాటిని తీసి పక్కన పడేస్తారు. ఆ తరువాతనే పండు టెంక తీసే యంత్రంలోకి పోతుంది.

అదే జిల్లాలో ఉత్తరాన ఉన్న హోసూరు మరొక రకమైన తనిఖీకి నెలవు. అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ ద్విచక్ర వాహనాలు, 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి స్థాపించిన టైటాన్ గడియారాలు అక్కడ తయారవుతున్నాయి. ఈ పెద్ద సంస్థల చుట్టూ విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలు ఎన్నో పుట్టాయి. గడియారం ముఖం మీద నలుసు ఉందా, పోతపోసిన భాగంలో గాలిబుడగ ఉందా, రంగు వేసిన రేకు మీద గీటు ఉందా అని చూసే పని ప్రతి చోటా ఉంది. ఫ్యాక్టరీలో దాన్ని ఇన్‌స్పెక్షన్ అంటారు, క్యూసీ అంటారు. మన సరిహద్దు పల్లెల నుంచి ఐ.టి.ఐ., డిప్లొమా చదివి పోయే పిల్లలలో చాలామందికి మొదట దొరికే పనులలో ఇది ఒకటి. అందుచేత ఈ విషయం మనకు దూరపుది కాదు.

కంటికి ఉన్న హద్దు

తనిఖీలో రెండు పనులు కలిసి ఉంటాయి. మొదటిది వెతకటం. వస్తువు మీద కన్ను తిప్పి అనుమానపు చోటును పట్టుకోవాలి. రెండవది తేల్చటం. కనబడిన మచ్చ తోసివేయదగినదా, పోనివ్వదగినదా అని నిర్ణయించాలి. మనిషి రెండవ పనిలో దిట్ట. మొదటి పనిలో అలసిపోతాడు.

ఈ అలసటను శాస్త్రీయంగా కొలిచినవారిలో నార్మన్ మాక్‌వర్త్ ముఖ్యుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్నవారు శత్రువుల జాడను ఎందుకు గుర్తించలేకపోతున్నారన్న ప్రశ్నతో ఆయన ఒక పరీక్ష తయారు చేశాడు. గడియారపు ముల్లులాంటిది ఒక్కొక్క గంతుగా కదులుతుంది. ఎప్పుడో ఒకసారి రెండు గంతులు ఒకేసారి వేస్తుంది. దాన్ని కనిపెట్టి చెప్పాలి. 1948లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మొదటి అరగంట గడిచేసరికే కనిపెట్టే శక్తి స్పష్టంగా తగ్గింది. ఇది శ్రద్ధలేనితనం కాదు, మనసు తీరు. ఎనిమిది గంటలు పట్టీ ముందు నిలబడే మనిషికి ఏదో ఒక కాయ తప్పిపోతే ఆమెను తప్పుపట్టటం న్యాయం కాదు. యంత్రాన్ని తేవటానికి ఉన్న కారణాలలో కూలి ఖర్చు ఒకటైతే, ఈ అలసట రెండవది. రెండూ నిజమైన కారణాలే.

యంత్రం చూడటం ఎలా నేర్చింది

మొదటి తరం యంత్రాలకు చూపు నియమాలతో నేర్పారు. కెమేరాలో పడిన బొమ్మ యంత్రానికి ఒక అంకెల పట్టిక మాత్రమే. ఏ చుక్కలో ఎంత వెలుగు ఉందో ఆ అంకె చెబుతుంది. ఇంత కంటె నల్లగా, ఇంత కంటె పెద్దగా ఉన్న చోటు ఉంటే తోసివెయ్యి అని ఇంజనీరు రాసేవాడు. పండ్లను రంగు, పరిమాణం బట్టి వేరు చేసే యంత్రాలు ఈ పద్ధతిలో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాయి. కాని దీపం కాస్త మారినా, కాయ మీద నీటి చుక్క మెరిసినా అవి మోసపోతాయి.

రెండవ తరం ఉదాహరణలతో నేర్చుకుంటుంది. 2012లో ఇమేజ్‌నెట్ అనే బొమ్మల భాండారంపై జరిగిన పోటీలో, అనేక పొరల నాడీజాలం ఒకటి మిగిలినవాటిని చాలా వెనుకకు నెట్టింది. అప్పటి నుంచి ఈ పద్ధతి ఫ్యాక్టరీలకు కూడా పాకింది. ఇక్కడ భాషా విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటుంది. 2009లో వెలువడిన ఇమేజ్‌నెట్‌లోని బొమ్మలను వర్గాలుగా పేర్చింది వర్డ్‌నెట్ అనే పదకోశం ఆధారంగా. అది ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ నాయకత్వంలో తయారైన ఆంగ్ల పదాల అల్లిక. అంటే కంప్యూటరుకు చూపు నేర్పిన బొమ్మల కింద ఉన్నది ఒక నిఘంటువు.

ఫ్యాక్టరీలో మరొక చిక్కు ఉంది. మంచి వస్తువుల బొమ్మలు కావలసినన్ని దొరుకుతాయి. చెడ్డవాటివి కొన్నే దొరుకుతాయి. అందుకని మంచివాటినే చూపి, వాటికి భిన్నంగా ఉన్నదాన్ని కనిపెట్టమనే పద్ధతి వచ్చింది. 2019లో జర్మనీకి చెందిన ఎంవీటెక్ సంస్థ పరిశోధకులు ఇందుకోసం 15 రకాల వస్తువులు, ఉపరితలాలతో, 5,354 బొమ్మలతో ఒక సంపుటం విడుదల చేశారు. నేర్పటానికి ఉంచిన భాగంలో అన్నీ మంచి బొమ్మలే. ఇది మనకు వింత కాదు. పసివాడికి తప్పు వాక్యాల జాబితా ఎవరూ నేర్పరు. వాడు సరైన మాటలు వింటూ పెరిగి, ఎవరైనా వంకరగా మాట్లాడితే వెంటనే నవ్వుతాడు. కాని ఆ తప్పు ఏమిటో పేరు పెట్టి చెప్పమంటే చెప్పలేడు. ఈ యంత్రమూ అంతే. తేడా ఉందని చెబుతుంది, ఆ తేడా లోపమో కాదో చెప్పలేదు.

ఏజెంటు అంటే ఏమిటి

ఇటీవల ఈ రంగంలో ఏజెంటు అనే మాట ఎక్కువగా వినబడుతున్నది. పరిసరాన్ని గ్రహించి, ఒక లక్ష్యం కోసం తరువాత ఏం చేయాలో తానే ఎంచుకుని, ఆ పని చేసే ప్రోగ్రాముకు ఆ పేరు. ఒకే పెద్ద ప్రోగ్రాముకు బదులు ఇలాంటివి కొన్ని కలిసి పని చేస్తాయి. మామిడి పట్టీకి అన్వయించి ఒక అమరికను ఊహిద్దాం. ఒకటి వెలుతురునూ కెమేరానూ కనిపెట్టి, బొమ్మ మసకగా ఉంటే మరొకటి తీయిస్తుంది. ఇంకొకటి దొర్లుతున్న ప్రతి కాయనూ అన్ని వైపుల నుంచీ చూసేదాకా వెంబడిస్తుంది. మూడవది అనుమానపు చోటును గుర్తించి పేరు పెడుతుంది, తనకు ఎంత నమ్మకమో అంకెతో చెబుతుంది. నాలుగవది ఆనాటి ఆర్డరు షరతులతో పోల్చి కాయను పోనివ్వటమో తోసివేయటమో, సందేహముంటే మనిషి బల్లకు పంపటమో చేస్తుంది. అయిదవది లెక్క రాస్తుంది. ఒకే లారీ సరుకులో దెబ్బ తిన్న కాయలు పెరుగుతుంటే సూపర్‌వైజరుకు కబురు పెడుతుంది.

ఇలా వేరువేరు ప్రోగ్రాములు ఒకదాని ఊహను మరొకటి దిద్దుకుంటూ పోవటం అనే ఆలోచనకు తెలుగువాడి సంబంధం ఉంది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, అంటే ప్రపంచానికి తెలిసిన రాజ్ రెడ్డి, 1970ల్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సహచరులతో కలిసి హియర్‌సే-2 అనే వ్యవస్థను నిర్మించారు. అది మనిషి మాటను గుర్తించే వ్యవస్థ. ధ్వని తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్యం తెలిసిన భాగం వేరువేరుగా ఉండి, అందరికీ కనబడే ఒక నల్లబల్ల మీద తమ ఊహలు రాసినట్టు పని చేసేవి. నేటి ఏజెంట్ల అమరికకు ఆ నల్లబల్ల పూర్వరూపాలలో ఒకటి. కృత్రిమ మేధలో చేసిన కృషికి రాజ్ రెడ్డి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. నేడు బొమ్మకు వాడుతున్న ఆ పద్ధతి మొదట మాట కోసం పుట్టిందని గుర్తుంచుకోవాలి.

2022 చివర చాట్‌జీపీటీ వెలువడిన తరువాత మరొక మార్పు వచ్చింది. ఏజెంటుకు షరతులను అంకెలలోనే కాక మామూలు వాక్యాలలో కూడా చెప్పవచ్చు. "కాడ దగ్గర చిన్న మచ్చ ఉంటే ఫరవాలేదు" అని రాయవచ్చు. అయితే చిన్నది అంటే ఎంత? మచ్చ అంటే ఏది? ఇక్కడ సమస్య భాషాశాస్త్రం ముంగిటికి వస్తుంది.

లోపానికి పేరు

లోపం వస్తువులో మాత్రమే లేదు; ఆ వస్తువు దేనికన్న దానిలో కూడా ఉంది. కాయ కోసేటప్పుడు కాడ నుంచి సొన కారి తొక్క మీద నల్లని చార పడుతుంది. అంగడిలో పెట్టి అమ్మే పండుకు అది లోపం; ధర తగ్గుతుంది. గుజ్జుకు పోయే కాయకు అది లెక్కలోకి రాదు, తొక్క ఎలాగూ పోతుంది. అదే కాయ మీద పురుగు చేసిన సన్నని తూటు సొన చారలో పదో వంతు కూడా ఉండదు, కాని గుజ్జుకు అదే ప్రమాదం. పట్టీ దగ్గర నిలబడిన తల్లికి ఈ తేడా తెలుసు. ఆమెకు సొన వేరు, పుచ్చు వేరు, దెబ్బ వేరు, కుళ్ళు వేరు. యంత్రానికి నేర్పే బొమ్మల మీద "మచ్చ" అని ఒకే పేరు రాస్తే, ఆమెకు తెలిసిన నాలుగు సంగతులు ఒక్కటైపోతాయి.

ఇనుము పనిలోనూ ఇదే. తెలుగులో కుండ పగులుతుంది, నేల నెర్రె విచ్చుతుంది, గోడ బీట వారుతుంది, కట్టె చీలుతుంది, అద్దం మీద గీటు పడుతుంది. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క కారణం ఉంది: దెబ్బ తగలటం, ఎండిపోవటం, కుంగటం, పేటు వెంట విడిపోవటం, రాసుకుపోవటం. ఫ్యాక్టరీ కాగితంలో ఇవి చాలావరకు "క్రాక్", "స్క్రాచ్" అనే రెండు గడుల్లోకి పోతాయి. లోపానికి కారణం వెతకవలసిన ఏజెంటుకు, కారణం చెప్పే మాటే అందకుండా పోతుంది. మన ప్రాంతంలో పక్కన నిలబడి పని చేసే తమిళులు గీటును కీరల్ అంటారు. మన గీరు అనే ధాతువు దానికి చుట్టమే. రెండు భాషల మాటలూ పని స్థలంలో కలిసిమెలిసి ఉన్నాయి. కాగితం మీదికి మాత్రం ఎక్కవు.

ఇద్దరు ఒప్పుకుంటారా?

పేర్లు ఉంటే చాలదు, వాటిని అందరూ ఒకే తీరుగా వాడాలి. దీన్ని కొలిచేందుకు జేకబ్ కోహెన్ 1960లో కప్పా అనే కొలత ఇచ్చాడు. వాక్యాలకు వర్గాలు గుర్తించే భాషాపరిశోధకులూ, ఫ్యాక్టరీలో తనిఖీదారులను పరీక్షించేవారూ ఇద్దరూ దీన్నే వాడతారు.

ఇద్దరు తనిఖీదారులు 100 కాయలు చూశారనుకుందాం. 85 మంచివని ఇద్దరూ అన్నారు, 5 చెడ్డవని ఇద్దరూ అన్నారు. మిగిలిన 10లో ఒకరు అయిదింటిని, రెండవవారు వేరే అయిదింటిని చెడ్డవన్నారు. నూటికి 90 ఒప్పుదల, బాగుందనిపిస్తుంది. కాని ఇద్దరూ నూటికి 90 మంచివనే చెబుతున్నారు కనుక, కళ్లు మూసుకుని చెప్పినా 82 సార్లు కలుస్తారు. యాదృచ్ఛికాన్ని మించి కలవటానికి మిగిలింది 18. నిజంగా కలిసింది అందులో 8. కప్పా 0.44 మాత్రమే. అంటే వీరిద్దరి మనసులో చెడ్డ కాయ ఒకటి కాదు. వీరు గుర్తించిన బొమ్మలతో నేర్చుకున్న యంత్రం ఆ అయోమయాన్నే వేగంగా చేస్తుంది. ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒప్పుకోని పది కాయలూ ముందు పెట్టి మాట్లాడించాలి. యంత్రం రాకముందు చేయవలసిన ముఖ్యమైన పని ఇదే, దీనికి కావలసింది మాట.

రెండు తప్పులు

యంత్రం చేసే తప్పులు రెండు రకాలు: చెడ్డదాన్ని పోనివ్వటం, మంచిదాన్ని తోసివేయటం. 1,000 కాయలలో 10 చెడ్డవి అనుకుందాం. యంత్రం వాటిలో 9 పట్టుకుంటుంది. మంచివైన 990లో నూటికి రెండు చొప్పున, సుమారు 20 కాయలను పొరపాటున తోసివేస్తుంది. తోసివేసిన 29లో నిజంగా చెడ్డవి 9 మాత్రమే. యంత్రం గట్టిదే, అయినా అది చెడ్డదన్న మూడింటిలో రెండు మంచివి. హద్దును సడలిస్తే మంచివి మిగులుతాయి, చెడ్డవి జారిపోతాయి. బిగిస్తే దీనికి తలకిందులు. హద్దు ఎక్కడ పెట్టాలన్నది గణితం చెప్పదు. తోసివేసిన కాయకు రైతుకు డబ్బు తగ్గుతుందా, జారిపోయిన భాగం బండి బ్రేకులో ఉంటుందా అన్నది చూసి మనుషులు చెప్పాలి.

కర్తా, కరణమా?

ఏజెంటు అనే ఆంగ్లపదానికి వ్యాకరణంలో మన పదం కర్త. స్వతంత్రంగా పనిని సాగించేది కర్త అనీ, పని నెరవేరటానికి ముఖ్య సాధనం కరణం అనీ పాణిని చెప్పాడు. తెలుగు వాడుకలో ఈ తేడా స్పష్టం. "కత్తితో కోశారు" అంటాం, "కూలివాళ్ల చేత కోయించారు" అంటాం. మరి ఏజెంటుతో తనిఖీ చేశారా, ఏజెంటు చేత తనిఖీ చేయించారా?

తరువాతి అడుగు తానే ఎంచుకుంటుంది కనుక అది కత్తివంటి కరణం కాదు. కాని లక్ష్యం, హద్దు, పేర్లు ఇతరులు ఇచ్చినవి కనుక స్వతంత్ర కర్త కూడా కాదు. ప్రేరణార్థక వాక్యంలో పని చేసే ప్రయోజ్య కర్త దాని స్థానం. అటువంటి వాక్యానికి చేయించిన ప్రయోజక కర్త తప్పనిసరి. పాణిని అతణ్ణి హేతువు అన్నాడు, కర్తగానూ లెక్కించాడు. "సిస్టమ్ రిజెక్ట్ చేసింది" అన్న చీటీ వచ్చినప్పుడు మనం అడగవలసింది: చేయించింది ఎవరు? పేర్లు ఎవరు పెట్టారు, హద్దు ఎవరు గీశారు, తప్పని తెలిస్తే దిద్దేది ఎవరు? ఆ పేరు వాక్యంలో లేకపోతే, యంత్రం గురించిన మాట సగమే చెప్పినట్టు.

ఆ అమ్మాయికి జవాబు

ఇక మొదటి ప్రశ్న. అది మా అమ్మ మాదిరి చూస్తుందా? తెలుగులో చూడటం కంటి పని మాత్రమే కాదు. వాసన చూస్తాం, రుచి చూస్తాం, పండును నొక్కి చూస్తాం, కుండను తట్టి చూస్తాం. పరీక్షించటం అనే అర్థం మన చూడు అనే క్రియలోనే ఇమిడి ఉంది. పట్టీ మీద కాయను చేతిలోకి తీసుకున్న తల్లి రంగు చూస్తూనే మెత్తదనం, బరువు, వాసన కలిపి తేలుస్తుంది. కెమేరాకు ఇందులో మొదటిదే అందుతుంది. అలసిపోకుండా వెతకటంలో యంత్రం ఆమెను మించుతుంది. తేల్చటంలో, ఆమె నేర్పినంతే నేరుస్తుంది.

అయితే ఈ మాట చెప్పి ఊరట కల్పించటం నా ఉద్దేశం కాదు. కెమేరా వస్తే పట్టీ పక్కన పది మంది అవసరముండదు. మిగిలే పని సందేహపు కాయలను తేల్చటం, బొమ్మలకు పేర్లు పెట్టటం, యంత్రం తప్పులు దిద్దటం. ఆ పనికి అర్హులు ఏళ్ల తరబడి కాయలు ఏరినవారే. కాని వారి తెలివి ఏ సర్టిఫికెట్టులోనూ లేదు, వారి మాటలు ఏ కాగితంలోనూ లేవు. ఎవరో బెంగుళూరు నుంచి వచ్చి ఆంగ్లంలో నాలుగు పేర్లు రాసుకుపోతే, పని వారిది కాకుండా పోతుంది.

అందుచేత మన విద్యార్థులకు నా సూచన ఒకటి. వచ్చే సెలవులలో మీ ఇంట్లో, మీ ఊళ్లో తనిఖీ పని చేసేవారి దగ్గర కూర్చోండి. లోపాలకు వారు వాడే మాటలు, తెలుగైనా తమిళమైనా కన్నడమైనా, విన్నవి విన్నట్టు రాయండి. ఏ మాట దేనికి, ఏ లోపం ఏ పనికి లోపం, ఏ రెండు మాటల మధ్య వారికే తగాదా ఉందో అడగండి. పక్కన ఒక బొమ్మ ఉంచండి. ఇది మాండలిక పదకోశానికి పనికివస్తుంది, యంత్రానికి నేర్పే పట్టికకూ పనికివస్తుంది. రేపు కెమేరా వచ్చిన నాడు, పేర్లు పెట్టే బల్ల దగ్గర కూర్చోవటానికి మా అమ్మకు హక్కుందని చెప్పటానికి ఆ నోటుపుస్తకం మీ చేతిలో ఉంటుంది.

ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పటికే మొదలుపెట్టింది. తల్లి చెప్పగా రాసుకువచ్చిన మొదటి పుటలో కాయ చెడటానికి పదకొండు మాటలున్నాయి. వాటిలో మూడు నాకు తెలియవు.